పటం వెనక తాళంచెవి

ఆ పరిశోధనశాలలో ఆయన్ని అందరూ తాళాలాయన అనేవారు. ఎదుట కాదు, ఆయన వీపు తిప్పాక. ఆ సంగతి ఆయనకి తెలుసు. తెలిసి, లోలోపల కాస్త మురిసిపోయేవాడు కూడా. తలుపుకి తాళం వేశాక దాన్ని పట్టుకుని లాగి చూసేవాడు, నాలుగు మెట్లు దిగాక అనుమానం వచ్చి వెనక్కి వెళ్ళి మళ్ళీ లాగేవాడు. ఇంటి దగ్గరా ఇదే వరస. వీధి మలుపు దాకా వెళ్ళి ఇంటి తాళం చూసిరావడానికి ఆయన వెనక్కి తిరిగేసరికి, భార్య బస్సెక్కి కూర్చుని కిటికీలోంచి చెయ్యి ఊపేది. ఇంత జాగ్రత్త మనిషి తనే ఒకరోజు దొరికిపోతాడని ఎవరైనా అంటే, అందరికన్నా ముందు ఆయనే నవ్వి ఉండేవాడు.

ఆయన ఆ ల్యాబుకి ఇన్‌ఛార్జి. చదువుకున్నది తక్కువే, చేతికింద ఉన్న సామాను మాత్రం చాలా ఎక్కువ. అక్కడ ఎలుకల మీద పరిశోధన జరుగుతుంది. కాలి నరం తెగితే అది మళ్ళీ ఎలా అతుక్కుంటుంది, ఏం చేస్తే త్వరగా అతుక్కుంటుంది అన్నది వాళ్ళు వెతికే విషయం. ఎలుకని కోయాలంటే ముందు దానికి మత్తు ఇవ్వాలి, కోశాక నొప్పి తెలియకుండా ఇంకో మందు ఇవ్వాలి. ఈ రెండు మందులూ బయట చెడ్డవాళ్ళ చేతిలో పడితే మనుషుల్ని పాడుచేసేవి. అందుకే వాటిని కొనడానికి లైసెన్సు, దాచడానికి గోడకి బిగించిన ఇనప బీరువా, వాడిన ప్రతి చుక్కకీ రిజిస్టరులో ఇద్దరి సంతకాలు. ఆ బీరువా తాళంచెవి ఆయన దగ్గరే ఉండేది.

ఉండేది అంటే, నిబంధన ప్రకారం ఉండాల్సిన చోట ఉండేది కాదు. తాళంచెవి భవనం దాటి పోకూడదు. స్టోరు గది గోడకి ఒక చిన్న డబ్బా ఉంది, అంకెలు తిప్పితే తెరుచుకునేది. సాయంత్రం పని ముగిశాక తాళంచెవి అందులో పెట్టి వెళ్ళాలి. ఆ డబ్బాని మొదటిరోజు చూసినప్పుడే ఆయనకి నవ్వొచ్చింది. పిన్నీసుతో తెరవగలిగిన రేకు డబ్బా అది. దీన్ని నమ్మి లోకానికి చెరుపు చేసే మందులు వదిలేసి ఇంటికి పోతే, ఇక ఆ పూట నిద్ర పట్టినట్టే. ఆలోచించి ఆలోచించి, తాళంచెవిని ఇంటికి తీసుకుపోయి దేవుడి పటం వెనక పెట్టాడు. అంతకన్నా గట్టి కాపలా ఎవరిస్తారు? ఇక ఆ రేకు డబ్బా ఊరికే ఉండటం ఎందుకని అందులో గొంతు బిళ్ళలూ, పాత కళ్ళజోడూ దాచుకున్నాడు.

ఇన్నేళ్ళలో ఎవరూ దాని గురించి అడగలేదు. అంతకుముందు వచ్చే తనిఖీ అధికారి రిజిస్టరు తిరగేసి, కాఫీ తాగి, మోకాళ్ళ నొప్పుల గురించి చెప్పుకుని వెళ్ళిపోయేవాడు. ఇప్పుడాయన స్థానంలో కొత్తవాడు వచ్చాడట. కాఫీ ముట్టడట. సొరుగులు పూర్తిగా బయటికి లాగి వాటి వెనక కూడా చూస్తాడట. ఆ కొత్తవాడు వచ్చే వారం వస్తున్నాడని కబురు వచ్చింది.

కబురు విని అందరికన్నా ఎక్కువ కంగారుపడాల్సింది డాక్టరమ్మ. పరిశోధన అంతా ఆమెది. వయసులో ఆయన పెద్దకూతురంత ఉంటుంది, ఆయన్ని బాబాయ్ గారూ అని పిలుస్తుంది. అప్పటికి ఎలుకలన్నిటికీ మొదటి శస్త్రచికిత్స అయిపోయింది. తెగిన నరం కొంత దూరం పెరిగాక, సరిగ్గా ఆ అదనులో రెండోది చెయ్యాలి. ఆ అదను తనిఖీ తరవాతి వారంలోనే పడింది. ఈలోపు లైసెన్సు ఆపేస్తే మత్తుమందు ముట్టుకోవడానికి లేదు, మత్తు లేకుండా కోయడానికి అంతకన్నా లేదు. అదను దాటిపోతే ఆ ఎలుకలు ఎందుకూ పనికిరావు, వాటిని చంపేయాలి. డాక్టరమ్మ ఇన్నేళ్ళ చాకిరీ వాటితోనే పోతుంది.

"భయం లేదు బాబాయ్ గారూ, మీరున్నారుగా," అంది ఆమె.

ఆ మాట ఆయన నెత్తికెక్కింది. మర్నాటి నుంచి ల్యాబులో ఎవరినీ కూర్చోనివ్వలేదు. బీరువాని తన మొహం కనపడేదాకా తుడిచాడు. కనపడ్డ మొహం కాస్త ఉబ్బినట్టుంటే, అది ఇనుము చేసిన తప్పని సరిపెట్టుకున్నాడు. ఒక్కో సీసానీ వెలుతురుకి ఎత్తి, లోపలి మందు మట్టం చూసి, రిజిస్టరుతో సరిపోల్చాడు. అంతా సరిగ్గా ఉంది. గడువు తీరిన మందుని తొట్టిలో పారబొయ్యడానికి వీల్లేదు, అధికారి ఎదుటే నాశనం చెయ్యాలి. అందుకని ఆ సీసాల్ని వేరే సంచిలో కట్టి కింది అరలో పెట్టాడు. ఇవన్నీ చెయ్యాల్సిన పనులే. అక్కడితో ఆగితే బాగుండేది. ఆ మధ్యే కొన్న చీటీలు అచ్చువేసే చిన్న మిషను ఆయన కంటపడింది. సీసాలకి కొత్త చీటీలు అంటించాడు, అరలకి అంటించాడు, ఇంకా చీటీ చుట్ట మిగిలితే చెత్తబుట్ట మీద 'చెత్త' అనీ, లైటు స్విచ్చి మీద 'లైటు' అనీ అంటించాడు. డాక్టరమ్మ లోపలికొచ్చి చుట్టూ చూసి, "బాబాయ్ గారూ, నా నుదుటి మీద కూడా ఒకటి అంటించండి. పాపం ఇన్‌స్పెక్టరు గారు పోల్చుకోలేకపోతే కష్టం," అంది. ఆయన నవ్వాడు గానీ, ఆ చీటీకి ఏ సైజు అక్షరాలు బాగుంటాయా అని ఒక్క క్షణం ఆలోచించిన మాట నిజం.

తనిఖీ ముందురోజు ఆమె ఒక ఉపాయం చేసింది. తనే ఇన్‌స్పెక్టరులా ముక్కు మీదికి కళ్ళజోడు దించుకుని, ఆయన్ని ఎదురుగా నిలబెట్టి ప్రశ్నలు వేసింది. మందు ఎక్కడ కొంటారు, వచ్చినప్పుడు ఎవరు లెక్క చూస్తారు, సీసా పగిలితే ఏం చేస్తారు అని అడిగింది. ఆయన గుక్క తిప్పుకోకుండా అన్నిటికీ జవాబిచ్చాడు. తన గొంతు తనకే వినసొంపుగా ఉంది. చివరికి ఆమె అడిగింది.

"పని అయిపోయాక తాళంచెవి ఎక్కడుంటుంది?"

"గోడ డబ్బాలో," అన్నాడాయన.

అంత తేలిగ్గా ఎలా వచ్చిందో ఆ మాట, ఆయనకే తెలియలేదు. ఆమె తల ఊపి కళ్ళజోడు సరిచేసుకుని, పాసయ్యారు అంది. ఆ ఊపిన తలలో ఉన్న నమ్మకం ఆయనకి ముల్లులా గుచ్చుకుంది. ఇప్పుడైనా నిజం చెబుదామా అనుకున్నాడు. ఇంత దూరం వచ్చాక పిల్లని భయపెట్టడం ఎందుకని మానుకున్నాడు. పిల్ల మీద జాలిగా పైకి కనిపించినదాన్ని లోపల కొంచెం గీకి చూస్తే, తన పరువు మీద ప్రేమే ఉంది.

ఆ సాయంత్రం గొంతు బిళ్ళల్నీ పాత కళ్ళజోడునీ డబ్బాలోంచి తీసేద్దామని చెయ్యి పెట్టాడు. ఈలోగా ఎవరో బండిలోంచి సామాను దింపించమని పిలిస్తే వెళ్ళిపోయి, ఆ సంగతే మరిచిపోయాడు. తాళంచెవి మాత్రం ఎప్పట్లాగే జేబులో పడింది.

ఇంటికొచ్చి తాళంచెవిని పటం వెనక పెట్టి, భార్యకి తన పథకం చెప్పాడు. పొద్దున్నే అందరికన్నా ముందు వెళ్ళి తాళంచెవిని డబ్బాలో పెట్టేస్తాడు. ఇన్‌స్పెక్టరు డబ్బా తెరుస్తాడు, తాళంచెవి అందులో ఉంటుంది. అది అబద్ధం ఎలా అవుతుంది? ఆమె బట్టలు మడతపెడుతూ అంతా విన్నది.

"రోజూ మనింట్లో ఉండేదాన్ని రేపు అక్కడ పెట్టి, రోజూ అక్కడే ఉంటుందంటారు. అంతేనా?"

"అంటానని ఎవరన్నారు? అడగరు."

"అడగకుండా చూడమని దేవుడికి చెప్పుకుంటారా?"

ఆయన సరిగ్గా అదే చెప్పుకుందామని అనుకుంటున్నాడు.

రోజూ పొద్దున స్నానం చేసి దేవుడి ముందు నిలబడటం ఆయన అలవాటు. ఆ నిలబడటంలో ఒక క్రమం ఉంది. ముందు పటం కొంచెం పైకెత్తి తాళంచెవి ఉందా లేదా చూసేవాడు. ఉంటే ప్రాణం కుదుటపడేది, అప్పుడు దాన్ని జేబులో వేసుకుని కళ్ళు మూసుకునేవాడు. ఆరోజు మాత్రం భార్య అన్న మాట మనసులో మెదులుతోంది. పొద్దున్నే దొంగలా పటం వెనక చెయ్యి పెట్టడానికి మొహమాటమనిపించింది. ముందు మనసారా దణ్ణం పెట్టుకుని, ఆ తరవాతే తాళంచెవి తీసుకుందామని కళ్ళు మూసుకున్నాడు. ఇన్‌స్పెక్టరు అడగకుండా చూడమని మొదలుపెట్టి, మధ్యలో సిగ్గేసి ఆపేశాడు. అడిగితే నిజం చెప్పే ధైర్యం ఇమ్మందామనుకుని, అది నిజంగానే ఇస్తాడేమోనని భయపడి అదీ ఆపేశాడు. చివరికి ఏమీ అడగలేక, ఆ ఎలుకల్ని మాత్రం చల్లగా చూడమని వేడుకున్నాడు. కళ్ళు చెమ్మగిల్లాయి. ఎన్నో ఏళ్ళ తరవాత, దేవుడి ముందు నిలబడి ఇంకో ఆలోచన లేకుండా ఉన్నాడు. ఆ తృప్తితోనే చెప్పులేసుకుని, ఇంటి తాళం లాగి చూసుకుని, బస్సెక్కాడు.

ల్యాబు గుమ్మం దగ్గర ఇన్‌స్పెక్టరు అప్పటికే నిలబడి ఉన్నాడు. సన్నగా, పొడుగ్గా, మర్యాదస్తుడిలా ఉన్నాడు. ముందుగా వచ్చినందుకు క్షమించమన్నాడు. ఫరవాలేదంటూ జేబులో చెయ్యి పెట్టిన తాళాలాయనకి అక్కడ రుమాలు తగిలింది. ఇంకో జేబులో బస్సు టిక్కెట్టు తగిలింది. పై ప్రాణాలు పైనే పోయాయి.

ఇన్‌స్పెక్టరు స్టోరు గదిలోకి వచ్చి చీటీలు చూశాడు. 'లైటు' అన్న చీటీ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాడు. రిజిస్టరు తిరగేశాడు. తరవాత గోడ వైపు తిరిగి, డబ్బా తెరవమన్నాడు. డాక్టరమ్మ నిబ్బరంగా ముందుకొచ్చి అంకెలు తిప్పి తెరిచింది. లోపల గొంతు బిళ్ళల డబ్బీ, దాని పక్కన ఒక కాడ విరిగిన కళ్ళజోడు ఉన్నాయి. ఆమె వాటిని చూసి ఆయన వైపు తిరిగింది. ఆ చూపుని తట్టుకోలేక ఆయన, తాళంచెవి ఇంకో చోట ఉంది, ఇప్పుడే తెస్తానని గొణిగి వరండాలోకి పారిపోయాడు.

భార్యకి ఫోను చేశాడు. ఆమె పటం ఎత్తి చూసి, ఉందండీ అంది. ఆటో ఎక్కి వచ్చి, గేటు దగ్గర నిలబడి, తనకే ఇవ్వాలనీ, ఎవరితోనూ మాట్లాడొద్దనీ బతిమాలాడు. ఈలోపు లోపలికి వెళ్ళి, తాళంచెవి ఇంకో భవనంలో ఉందని చెబుదామా, ఎవరో తీసుకెళ్ళారని చెబుదామా అని రకరకాలుగా అల్లుకున్నాడు. అల్లిన ప్రతి అబద్ధానికీ ఇంకో మనిషి కావలసి వచ్చాడు. ఇంతా చేసి, తనకి అబద్ధమాడటం కూడా సరిగ్గా రాదని తేలింది. ఇన్నేళ్ళూ అదేదో తన గుణమనుకున్నాడు. చేతకాకపోవడమేనేమో.

గేటు దగ్గర కాచుకుని ఉందామని మెట్లు దిగబోతుంటే భార్య ఎదురైంది. గేటు దగ్గరి మనిషికి ఆమె తెలుసు, అమ్మగారూ నేరుగా పైకి వెళ్ళండి అని పంపేశాడట. ఆయన చెయ్యి చాచేలోపే ఇన్‌స్పెక్టరూ డాక్టరమ్మా వరండాలోకి వచ్చారు. ఆమె చేతిరుమాల్లో చుట్టి తెచ్చిన తాళంచెవిని అందరి ఎదుటా విప్పింది.

"ఇదిగోనండీ. మరిచిపోయి వెళ్ళారు."

ఇన్‌స్పెక్టరు దాన్ని చూశాడు, ఆమెని చూశాడు. ఆమె ఎవరని మర్యాదగా అడిగాడు. ఆమె చెప్పింది. తాళంచెవి ఎక్కడ దొరికిందని అడిగాడు.

"దేవుడి పటం వెనకాల," అంది ఆమె.

"ఎప్పటినుంచి ఉంది అక్కడ?"

ఆమె భర్త వైపు చూసింది. ఆ ప్రశ్న ఆయనదని ఇద్దరికీ తెలుసు. పక్కన డాక్టరమ్మ నిలబడి ఉంది. రాత్రి పొరపాటున ఇంటికి తీసుకెళ్ళానంటే చాలు. నిన్న రాత్రి తీసుకెళ్ళిన మాట నిజమే కదా, అందులో అబద్ధమేముంది? గోడకి అవతల బోనుల్లో ఎలుకలు గీరుకుంటున్న చప్పుడు వినిపిస్తోంది. వాటిని చల్లగా చూడమని పొద్దున వేడుకున్న మాట గుర్తొచ్చింది. ఇప్పుడు ఏ మాట అంటే వాటిని చల్లగా చూసినట్టో ఆయనకి అర్థం కాలేదు.

"ఈ బీరువా పెట్టిన రోజు నుంచీ," అన్నాడు. "రోజూ ఇంటికి పట్టుకెళ్ళేవాణ్ణి. డాక్టరమ్మకి తెలీదండీ. నిన్న అడిగితే ఆవిడకీ అబద్ధమే చెప్పాను."

డాక్టరమ్మ కళ్ళు మూసుకుంది.

ఇన్‌స్పెక్టరు కలం తీశాడు. ఇంట్లో ఆ పటం దగ్గరికి ఎవరెవరు వస్తారని అడిగాడు. తనూ తన భార్యా తప్ప ఎవరూ రారన్నాడు తాళాలాయన. కలం ఇంకా కదలకపోతే, ఏదో ఒకటి చెప్పాలన్న కంగారులో, "దేవుడుంటాడండీ," అన్నాడు.

"ఆయన పేరు అనుమతి ఉన్నవాళ్ళ పట్టికలో కనపడలేదండీ," అన్నాడు ఇన్‌స్పెక్టరు, తల ఎత్తకుండానే.

భార్యకి నవ్వు ఆగలేదు. పైట నోటికి అడ్డం పెట్టుకుని గోడ వైపు తిరిగింది. ఆయనకీ నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది, రెండూ కలిసి దగ్గులా బయటపడ్డాయి. ఇన్‌స్పెక్టరు లోపలికెళ్ళి డబ్బాలోంచి ఒక గొంతు బిళ్ళ తెచ్చి ఆయన చేతిలో పెట్టాడు.

ఆ తరవాత బీరువా తెరిచి ప్రతి సీసా తూచారు. చాలాసేపు పట్టింది. చుక్క తేడా లేదు. గడువు తీరిన మందుని తన ఎదుటే నాశనం చేయించి, ఇన్‌స్పెక్టరు కూర్చుని రాయడం మొదలుపెట్టాడు. ఒక్క రాత్రే అని ఉంటే ఒక్క వాక్యంతో అయిపోయేదనీ, ఇప్పుడు చాలా రాయాల్సి వస్తోందనీ అన్నాడు. అందులో కోపం లేదు, మెచ్చుకోలూ లేదు, చెయ్యి నొప్పి పుడుతున్న మనిషి మాటలా ఉంది. మందు లెక్క సరిపోయింది కాబట్టి లైసెన్సు ఆపడం లేదన్నాడు. సాయంత్రంలోగా బీరువా తాళం మార్చాలి, గోడకి గట్టి డబ్బా బిగించాలి, తాళంచెవి ఇకమీదట డాక్టరమ్మ బాధ్యత. తాళాలాయన దాన్ని ముట్టుకోకూడదు. అది కాగితం మీద రాసి ఆయనచేతే సంతకం పెట్టించాడు.

ఇన్‌స్పెక్టరు వెళ్ళాక డాక్టరమ్మ ఎలుకల గదిలోకి వెళ్ళి చాలాసేపు రాలేదు. ఆయన గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"ఆయనకి నిజం చెప్పారు. నాకెందుకు చెప్పలేదు బాబాయ్ గారూ?" అంది, వెనక్కి తిరగకుండా.

ఆయన దగ్గర జవాబు ఉంది గానీ, అది బయటికి అనదగ్గదిగా లేదు. "మీరు నమ్మారమ్మా. అందుకని," అన్నాడు చివరికి. అది జవాబో కాదో ఆయనకే తెలియదు. ఆమె వచ్చే వారం శస్త్రచికిత్సకి కత్తెరలు శుభ్రం చేయించాలని గుర్తుచేసింది. క్షమించినట్టు కాదు, పని ఉన్నట్టు చెప్పింది. ఆయన అదే చాలనుకుని కత్తెరలు తియ్యడానికి వెళ్ళాడు.

సాయంత్రం తాళాలు బిగించేవాడు వచ్చి కొత్త తాళం వేసి, పాత తాళంచెవిని ఆయన చేతిలో పెట్టాడు. ఇక దాంతో తెరుచుకునేది ఏదీ లేదు. జేబులో వేసుకుని ఇంటికొచ్చాడు. కాళ్ళు కడుక్కుని దేవుడి ముందు నిలబడ్డాడు. చెయ్యి అలవాటుగా పటం వెనక్కి వెళ్ళింది. పటం పైకెత్తితే, అర మీద దుమ్ములో తాళంచెవి ఆకారం అచ్చుపడి ఉంది. ఇల్లంతా రోజూ తుడుస్తారు గానీ, తాళంచెవి కదులుతుందని ఆ చోటు మాత్రం ఆయన ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. అంటే ఇన్నేళ్ళూ దేవుడి వెనక దుమ్ము పోగుచేసింది తనే. పంచె చెంగుతో తుడిచాడు.

దేవుడికి అప్పగించానని మనసులో గొప్పగా చెప్పుకునేవాడు. అప్పగించినవాడు రోజూ పొద్దున్నే ఉందా లేదా అని పటం ఎత్తి చూస్తాడా? ఆ పొద్దున ఒక్కసారి చూడలేదు, ఆ ఒక్కరోజే ఇంత జరిగింది. ఇందులో దేవుడు తనకి మేలు చేశాడో, చెవి పట్టుకుని మెలిపెట్టాడో, లేక ఈ గొడవతో ఆయనకి సంబంధమే లేదో ఎంత ఆలోచించినా తేలలేదు. పాత తాళంచెవిని ఎక్కడ పెట్టాలో తోచక చేతిలో పట్టుకుని నిలబడితే, భార్య వచ్చి దాన్ని తీసుకుని కుట్టుమిషను సొరుగులో పడేసింది.

ఆయన చేతులు జోడించి కళ్ళు మూసుకున్నాడు. జేబు తేలిగ్గా ఉంది. ఎలుకలు గుర్తొచ్చాయి, డాక్టరమ్మ వీపు గుర్తొచ్చింది. ఆ తరవాత కొత్త తాళం గుర్తొచ్చింది. పాతదానికన్నా గట్టిగా తిరుగుతుంది అది, చివరిదాకా తిప్పకపోతే పడదు. తాళం వేశాక ఆ పిల్ల పట్టుకుని లాగి చూసిందో లేదో. ఒక కన్ను మెల్లగా తెరిచి, ఫోను ఎక్కడుందా అని చూశాడు.

"కళ్ళు మూసుకోండి," అంది వెనకనుంచి భార్య. "ఆ అమ్మాయి వేసే ఉంటుంది."